గంగులమ్మ చూడని జలపాతం

అమెరికా చూసొచ్చాక గంగులమ్మకు దోహా పక్కన అల్ రయ్యాన్‌లో చిన్నపాటి పేరు వచ్చింది. ఆమె పనిచేసే ఇంటి వెనక, డ్రైవరు గది ముందు, యజమానులు వద్దనుకున్న పాత సోఫా ఒకటుంది. శుక్రవారం సాయంత్రం ఎండ గోడ దిగాక నలుగురు తెలుగువాళ్ళు అక్కడ చేరతారు. చేరినవాళ్ళలో ఎవరో ఒకరు, "అక్కా, అమెరికా చెప్పు" అంటారు. గంగులమ్మ కాదనదు. చేతిలో ఉల్లిపాయలుంటే వాటిని తరుగుతూనే మొదలుపెడుతుంది.

పోయిన ఎండాకాలం ఇంటివాళ్ళు పిల్లల్ని చూసుకోవడానికి ఆమెను వెంట తీసుకెళ్ళారు. పనివాళ్ళు బాబా అని పిలిచే ఇంటి యజమాని, ఆయన భార్య మేడమ్, వాళ్ళ పిల్లలు, మేడమ్ చెల్లెలి కుటుంబం, బాబా తమ్ముడి కుటుంబం, వాళ్ళ వాళ్ళ ఆయాలు, అందరూ కలిసి పెళ్ళికి తరలినట్టు తరలారు. అంతమందిలో గంగులమ్మ పని చిన్నవాడి పాలసీసా, పెద్దపిల్ల స్వెట్టరు, అందరి టోపీలు. అయినా ఆమె కళ్ళు ఆమెవే కదా. అవి ఊరుకోలేదు.

"గ్రాండ్ కాన్యన్ అంటారు దాన్ని. నీళ్ళు కోసిన గండి అది," అని చెప్పేది. గంగులమ్మది జమ్మలమడుగు దగ్గర పల్లె. "మన గండికోట కాడ పెన్న కొండను కోసుకొని పోయింది సూడు, అట్ల. కాకుంటే మన పెన్న చేసింది ఒక పూట కూలి అనుకుంటే, ఆ నది చేసింది తరతరాల చాకిరీ. యాడ సూసినా ఎర్రకొండే. పొద్దు దిగేకొద్దీ ఆ ఎరుపు ఊదా రంగు అయితాది, ఊదా నీలం అయితాది. కిందెక్కడో నది, దారం మాదిరి. అంత సన్న దారం అంత కొండను కోసిందంటే ఎంత ఓపికుండల్ల దానికి!"

"నువ్వేమన్నావక్కా దాన్ని సూసి?" అని అడిగేవాడు మౌలాలి. అదే ఇంట్లో డ్రైవరు, రాయచోటి మనిషి. జవాబు తెలిసినా ప్రతిసారీ అడుగుతాడు.

"నేనేమంటా? 'ఓయమ్మో, గండి!' అని అరిచినా. చిన్నోడు ఆ మాట పట్టుకున్నాడు. ఆ దినం నుంచి ఆ పిల్లోళ్ళకు దాని పేరు గండే. హోటల్లో తెల్లామె అడిగితే కూడా గండికి పోయొచ్చినాం అని చెప్పినారు. ఆ యమ్మ కంప్యూటర్లో వెతకతా కూచుంది."

న్యూయార్కు గురించి అడిగితే ఎత్తు మేడల సంగతి ఎత్తేది కాదు. మేడలు దోహాలోనూ ఉన్నాయి. ఆమెకు నచ్చింది బ్రూక్లిన్ పేట. బాబా తమ్ముడికి అక్కడ స్నేహితుడున్నాడు, ఒక మధ్యాహ్నం భోజనానికి పిలిచాడు. వరసగా ఇటుక ఇళ్ళు, వీధి పొడుగునా చెట్ల నీడ, ప్రతి ఇంటి గుమ్మం నుంచి వీధిలోకి దిగే రాతి మెట్లు. ఆ మెట్ల మీద ముసలివాళ్ళు, పుస్తకం చదివే అమ్మాయి, పుచ్చకాయ ముక్కలు తింటున్న పిల్లలు.

"అరుగులే మేయ్ రమీజా! అమెరికాలో అరుగులుండాయి! మనూళ్ళో తీసేసి గేట్లు పెట్టుకుంటిమి, వాళ్ళు మాత్రం పోగొట్టుకోలేదు. పోయేటోళ్ళను కూచున్నోళ్ళు పలకరిస్తాండారు. నన్ను కూడా ఒక ముసలాయన హలో అన్యాడు. ఎవరికి అన్యాడో అని ఎనక్కి తిరిగి సూసినా. నాకే!"

పక్కింట్లో వంటచేసే రమీజా కడప పిల్ల. ఆమెకు సినిమాల సంగతి కావాలి. అందుకని లాస్ ఏంజెలెస్‌లో సినిమా వీధి గురించి చెప్పాల్సి వచ్చేది. బండిలో కూర్చోబెట్టి తిప్పి చూపించారు. చర్చి, పోలీసు స్టేషను, కాఫీ కొట్టు, కిటికీలకు తెల్ల పరదాలు. బండి మలుపు తిరిగేసరికి వెనక ఏమీ లేదు. ముందు గోడ ఒక్కటే, దానికి ఆనించిన కర్రలు.

"తలుపు తెరిస్తే వంటిల్లే ల్యా!"

"వంటిల్లు లేని ఇల్లా? అట్లాంటి ఇంట్లో పని దొరికితే నాక్కూడా చెప్పక్కా," అంది రమీజా.

"నగొద్దు. ఆ ఉత్త గోడ మీద వాన మరకలు కూడా రంగుతో వేసినారు. వాన పడని తావులో వాన మరక! చేసినోడి చేతులకు దండం పెట్టల్ల."

ఆ తరవాత శాన్‌ఫ్రాన్సిస్కో ఎర్ర వంతెన. మన సినిమాల్లో నాయికా నాయకులు పాట కోసం వెళ్ళే వంతెనల్లో అదొకటి. పొగమంచులో సగం మునిగి, స్తంభాలు ఆకాశంలో తేలుతున్నట్టుంది. మేడమ్ వాళ్ళు ఫోటోలు దిగుతుంటే గంగులమ్మ పక్కన నిలబడి చలికి గజగజా వణికింది. "రెండు స్వెట్టర్లు ఏసుకొని నాకు పండ్లు కొట్టుకుంటాంటే, ఆ పల్చటి చీరలో ఆ పిల్ల నవ్వుకుంటా ఎట్ల ఎగిరిందో! ఆ దినం నుంచి హీరోయిన్లంటే నాకు గౌరవమబ్బా. వాళ్ళదీ డ్యూటీనే."

ఇన్ని చెప్పే గంగులమ్మ, ఎవరైనా "మరి నయాగరా?" అంటే మాత్రం, "అదా... నీళ్ళు. శానా నీళ్ళు" అని, పొయ్యి మీద అన్నం గుర్తొచ్చినట్టు లేచి వెళ్ళిపోయేది.

ఎవరూ పట్టించుకోలేదు. ఈ ఏడు జూన్ దగ్గరపడేదాకా.

ఒక ఉదయం మేడమ్ వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. మళ్ళీ అమెరికా ప్రయాణం ఉంది. ఈసారి నయాగరా దగ్గరే వారం రోజులు ఉంటారు. చిక్కంతా ఇంటి పెద్దావిడతో వచ్చింది. బాబా తల్లిని బయటివాళ్ళు, జాసిమ్ తల్లి అనే అర్థంలో, ఉమ్ జాసిమ్ అంటారు. పనివాళ్ళకు ఆమె మామా కబీర్, అంటే పెద్దమ్మగారు. పోయినేడు ఆమె రాననేసి మెసైమీర్‌లో కూతురింట్లో ఉండిపోయింది. ఈసారి ఆ కూతురు కూడా ప్రయాణమవుతోంది.

మామా కబీర్‌కు చూపు అంచుల నుంచి మూసుకొస్తోంది. ఎదురుగా ఉన్నది మసకగా ఆనుతుంది, పక్కనున్నది తెలియదు. రోజూ పొద్దునా సాయంత్రం ఆ కళ్ళలో చుక్కల మందు వేసేది గంగులమ్మే. మరొకరు వేస్తే ఆవిడ రెప్ప తెరవదు.

"వీడియో చూపిస్తే ఫోను నెట్టేసింది," అంది మేడమ్. "అందరూ చూడు చూడు అంటారు, ఒక్కరూ చెప్పరు అంటోంది. గంగు బాగా చెబుతుంది, ఆ షల్లాల్ గురించి ఆమెను చెప్పమను, విన్నాక మనసు పోతే వస్తాను అంది. షల్లాల్ మాటే పట్టుకుని కూర్చుంది. రేపు మధ్యాహ్నం అసర్ నమాజు అయ్యాక కూర్చుని మంచిగా చెప్పు. బాబా ఈ వారంలో టిక్కెట్లు తీయాలి."

షల్లాల్ అంటే అరబ్బీలో జలపాతం.

"ఆమె వస్తే నువ్వూ వస్తావు. రాకపోతే ఆమెతో నువ్విక్కడే ఉండాలి. వేరే దారి లేదు," అని మేడమ్ ఆమె భుజం మీద చెయ్యేసి వెళ్ళిపోయింది. అందులో బెదిరింపు లేదు. ఉన్న మాట.

గంగులమ్మ పొయ్యి కట్టేసి స్టూలు మీద కూలబడింది. మేడమ్‌కు తెలియని సంగతి ఒకటుంది. గంగులమ్మ నయాగరా చూడలేదు.

ఆ సాయంత్రం సోఫా దగ్గర మౌలాలికీ రమీజాకూ చెప్పక తప్పలేదు.

"సూడలేదా? ఆ నీలం కోటు తెచ్చుకుంటివే!" అన్నాడు మౌలాలి. నయాగరా పడవెక్కేవాళ్ళకు తడవకుండా పల్చటి నీలం ప్లాస్టిక్ కోటు ఇస్తారు. అది గంగులమ్మ గదిలో మేకుకు వేలాడుతుంది.

"అది పెద్దపాపది. చెత్తబుట్టలో ఏసింటే తీసుకున్యా."

"మరి నువ్వు యాడుంటివి?"

"బట్టలుతుకుతాంటి."

జరిగింది ఇది. అక్కడికి చేరిన రాత్రి, "రేపు ఏం పని మామా?" అని మేడమ్‌ను అడిగింది. గల్ఫులో ఇంటామెను పనివాళ్ళు మామా అనే పిలుస్తారు. మేడమ్ నిద్రపోతున్న చిన్నవాడిని భుజాన వేసుకుని, తలుపు మూస్తూ, "బుక్రా షల్లాల్" అంది. రేపు జలపాతం అని. గంగులమ్మ అప్పటిదాకా ఆ మాట వినలేదు. ఎడారి ఇంట్లో జలపాతం మాట ఎందుకొస్తుంది? ఆమె చెవిన పడింది "బుక్రా, షల్లా" అని. రేపు, ఇన్‌షాల్లా.

ఇన్‌షాల్లా మంచి మాటే. దేవుడు తలిస్తే అని. కానీ పనికొచ్చిన వాళ్ళు దాన్ని మరో రకంగా నేర్చుకుంటారు. సెలవు అడిగితే ఇన్‌షాల్లా. కొత్త ఫ్రిజ్ అడిగితే ఇన్‌షాల్లా. ఇంటికెళ్ళే టిక్కెట్టు ముందుకు జరపమంటే ఇన్‌షాల్లా. అంటే కాదు అనకుండా కాదనడం. అందుకని గంగులమ్మ, రేపు కార్యక్రమం ఏమీ లేదు కాబోలని, తెల్లవారుతూనే మాసిన బట్టలన్నీ మూటగట్టి హోటలు కింద అంతస్తులో మిషన్ల గదికి దిగింది. పైకొచ్చేసరికి గదులన్నీ ఖాళీ. ఈ వ్యాను వాళ్ళు ఆమె ఆ వ్యానులో ఉందనుకున్నారు, ఆ వ్యాను వాళ్ళు ఈ వ్యానులో అనుకున్నారు. పిల్లల్ని మేడమ్ చెల్లెలి ఆయా చూసుకుంది. సాయంత్రానికి అందరూ తడిసి, అలసి, వ్యానుల్లోనే నిద్రపోయి వచ్చారు. నువ్వెక్కడున్నావని ఎవరూ అడగలేదు. మరుసటి మధ్యాహ్నం విమానం.

మౌలాలి కాసేపు బుద్ధిగా విన్నాడు. ఆ పైన ఆపుకోలేకపోయాడు. "పేరులోనే గంగను పెట్టుకొని, నీళ్ళు సూడకుండా వస్తివే అక్కా!"

"నగరా, నగు. రేపు నా గతేంది చెప్పి నగు."

"దాంట్లో ఏముండాదక్కా," అంది రమీజా. "పిల్లోళ్ళకు కథ చెప్పేటప్పుడు పులిని సూసే చెప్తాండామా? వీడియో సూసి చెప్పు. పెద్దామెకు కూడా మేలే. ఆమె వస్తాది, నువ్వు పోతావు, ఈసారి నిజంగా సూస్తావు. ఎవరికి నష్టం?"

ఎవరికీ నష్టం లేదు. అదే గంగులమ్మకు ముల్లులా గుచ్చుకుంది. పోయినేడాది నుంచీ ఆమె మనసులో ఆ జలపాతం కనబడకుండా పడుతూనే ఉంది. ఊళ్ళో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే, మంచినీళ్ళ కోసం పొలాలకు అడ్డంపడి నడిచిన మనిషి. అన్ని నీళ్ళు ఒక్కచోట పడుతుంటే ఒక్కసారి చూడాలని ఉండదా? ఒక అబద్ధం చెబితే చూడొచ్చు. చెప్పకపోతే ఖాళీ ఇంట్లో ఏసీల హోరు వింటూ ఎండాకాలం గడపాలి.

మౌలాలి ఫోనులో వీడియో పెట్టాడు. ముగ్గురూ తలలు దగ్గర చేర్చి చూశారు. నది ఒడ్డులేనట్టు పరుగెత్తుకొచ్చి, దారి అయిపోయి, అలాగే విరిగి పడుతోంది. ఆకుపచ్చని గాజు వంగి తెల్లగా పగిలినట్టుంది. కింద పొగ. పొగలో ఇంద్రధనుస్సు. ఆ పొగలోకి చీమంత పడవ, దాని నిండా నీలం కోట్లు.

"యా అల్లా," అంది రమీజా గొంతు తగ్గించి. మౌలాలి వీడియోను మళ్ళీ మొదటికి తిప్పాడు.

మరునాడు అసర్ అయ్యాక గంగులమ్మ మామా కబీర్ గదిలోకి వెళ్ళింది. ఆవిడ కిటికీ పక్కన కింద పరిచిన దిండ్ల మీద కూర్చుని ఉంది. ముందు కళ్ళలో మందు వేయించుకుంది. రెప్పలు మూసుకుని, గంగులమ్మ చెయ్యి వదలకుండానే, "ఊఁ, చెప్పు" అంది.

గంగులమ్మ అరబ్బీలో నిన్నా రేపూ తేడా ఉండదు. ఉన్న మాటలను ఇటుకల్లా ఒకదాని మీద ఒకటి పేరుస్తుంది. అయినా మామా కబీర్‌కు ఆ గోడ ఎప్పుడూ ఇల్లులాగే కనిపించింది.

"మామా కబీర్, కొండ పెద్ద. ఎర్ర. నది చిన్న. నది కొండను కోయి, కోయి, వెయ్యి ఏళ్ళు కోయి, అలసట మాఫీ."

"అలసట లేదా!" ఆవిడ నవ్వింది. "మా అత్తగారు అలాగే మాట్లాడేది. కొండలాంటి మా మామగారిని కోసింది చివరికి."

అరుగుల గురించి చెప్పింది. పాత దోహాలో తమ ఇంటి ముందూ అలాంటి మట్టి అరుగు ఉండేదనీ, సాయంత్రం మగవాళ్ళు దాని మీద కూర్చునేవారనీ, తాము తలుపు సందులోంచి వినేవాళ్ళమనీ ఆవిడ చెప్పింది. వెనక ఏమీలేని ఇళ్ళ గురించి వింటూ, "నాకు తెలిసిన పెద్దమనుషులు కొందరున్నారు, అచ్చం అంతే" అంది. గుమ్మం బయట మేడమ్ కిసుక్కున నవ్వడం వినబడింది. మేడమ్ అక్కడే నిలబడి వింటోందని గంగులమ్మకు అప్పుడు తెలిసింది.

"ఇక షల్లాల్," అంది మామా కబీర్.

గంగులమ్మ గొంతు సవరించుకుంది. "నది వస్తా, వస్తా... దారి ఖలాస్. నది కింద పడు. పచ్చ గాజు, వంగు, పగులు. తెల్ల, పాలు మాదిరి. కింద పొగ. పొగలో రంగులు. చిన్న పడవ పొగలోకి పో."

చెబుతుంటే తనకే బాగుంది. మామా కబీర్ మొహం ఎత్తి, మూసిన కళ్ళతో, ఆ నీళ్ళకు ఎదురు కూర్చున్నట్టు కూర్చుంది. గుమ్మం బయట గాజులు కదిలాయి. పని అయిపోయినట్టే.

"నాలుకకు ఎలా ఉంది?" అంది మామా కబీర్.

"ఏంటి మామా?"

"పడవలో మొహం మీద పడతాయి కదా నీళ్ళు. రుచి చూశావు కదా? ఎలా ఉంది?"

గంగులమ్మ ఖాళీ చేత్తో పక్కనున్న దిండు సర్దింది.

"నేనైతే ముందు అదే చేస్తాను," అంది ఆవిడ. "నా చిన్నప్పుడు మంచినీళ్ళు గాడిదల మీద డబ్బాల్లో వచ్చేవి. కొందరు సగం ఉప్పునీళ్ళు కలిపి అమ్మేవాళ్ళు. అందుకని మా అమ్మ నన్ను ముందుకు తోసేది. ఏడేళ్ళ పిల్ల నాలుక అబద్ధం చెప్పదు అనేది. డబ్బా మూత తీసి, వేలు ముంచి నాకి, తీపి అంటే కొనేవాళ్ళు. ఉప్పు అంటే వాడు నన్ను తిట్టుకుంటూ పోయేవాడు. వీధిలో అందరికీ నేనే రుచి చూసిపెట్టేదాన్ని. అన్ని నీళ్ళు, ఎవరూ మోయకుండా, ఎవరూ అమ్మకుండా ఊరికే పడిపోతుంటే... వాటి రుచేమిటో నాకు తెలియాలి. వీళ్ళను అడిగితే తెలియదంటారు. నువ్వు చెప్పు గంగూ. తీపేనా?"

తీపే అనొచ్చు. నది నీళ్ళు, తీపిగాక ఏముంటాయి? నిజమే అయి ఉంటుంది కూడా. గంగులమ్మ నోరు తెరిచింది. కానీ ఆమెకు తన ఊరి బోరూ, బిందె నింపే ముందు దోసిట్లోకి పట్టుకుని నాలుక తగిలించడమూ గుర్తొచ్చాయి. నీళ్ళను అలా నాకి చూసినవాళ్ళకు, చూడని నీళ్ళ రుచి చెప్పడానికి నాలుక తిరగలేదు.

"మాఫీ మాలూమ్, మామా," అంది. తెలియదు. "నేను షల్లాల్ చూడు మాఫీ."

ఆపైన మాటలు వాటంతటవే వచ్చాయి. మేడమ్ షల్లాల్ అనడం, తను షల్లా అని వినడం, బట్టల మూట, ఖాళీ గదులు. "నేను కింద, మిషన్ దగ్గర. రోజంతా పెద్ద శబ్దం, హోఁ హోఁ అని. నేను వాషింగ్ మిషన్ అనుకో. మిషన్ బంద్ చెయ్యి. శబ్దం బంద్ మాఫీ. ఈ మిషన్ ఖరాబు అనుకో. మామా... అది షల్లాల్."

గుమ్మం బయట మేడమ్ ఊపిరి వదిలింది. మామా కబీర్ చెయ్యి వదిలేసింది.

"చాయ్ తీసుకురా," అంది.

గంగులమ్మ లేచింది. నడవలో మేడమ్ ఆమెను చూసి నుదురు కొట్టుకుంది, కోపంగా కాదు, ఇంత దగ్గరికొచ్చి జారిపోయిందే అన్నట్టు. "ఎందుకు చెప్పలేదు నాకు అప్పుడే?" అని మెల్లగా అడిగింది. "మళ్ళీ తీసుకెళ్ళేదాన్ని కదా పొద్దున్నే." ఆ మాటకు గంగులమ్మకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అడిగితే తీసుకెళ్ళేవాళ్ళని తనకు తోచనే లేదు.

వంటింట్లో యాలకులు దంచింది. పోతే పోయింది. ఎండాకాలం ఎంత, కళ్ళు మూసి తెరిస్తే అయిపోతుంది. ఇక నయాగరా అనగానే అన్నం వంక పెట్టుకుని లేవనక్కర్లేదు, అదొక హాయి. అలా అనుకుంటూ చక్కెర వేసిన కప్పులోనే మళ్ళీ చక్కెర వేసింది.

చాయ్ పట్టుకుని వెళ్ళేసరికి మామా కబీర్ మొహానికి ముసుగు అంచు అడ్డం పెట్టుకుని ఉంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుంది గంగులమ్మ.

"మామా?"

"మిషన్!" అంది ఆవిడ, ముసుగు తీసి. కళ్ళ వెంట నీళ్ళు, మందు అంతా కొట్టుకుపోయింది. నవ్వు ఆగడం లేదు. "లోకమంతా చూడ్డానికి వచ్చే షల్లాల్‌ను... మిషన్ అనుకుని... ఆపబోయిందట!"

గుమ్మంలో మేడమ్‌కూ నవ్వొచ్చింది. ముందు నోరు నొక్కుకుంది, తరవాత గోడకానుకుని నవ్వింది. గంగులమ్మ మాత్రం ట్రే పట్టుకుని నిలబడిపోయింది.

నవ్వి నవ్వి అలసిపోయాక మామా కబీర్ చాయ్ అందుకుంది. ఒక గుక్క తాగి, మొహం చిట్లించి, "ఇది తీపి" అంది. అప్పుడు గంగులమ్మ కూడా నవ్వింది.

"కూర్చో," అంది ఆవిడ. "నేనెందుకు రానంటున్నానో వీళ్ళెవరికీ చెప్పలేదు. అక్కడ నిలబెట్టి, అమ్మా చూడు, నానమ్మా చూడు అంటారు. వాళ్ళంతా చూసినవాళ్ళు. ఏం కనబడాలో వాళ్ళకు ముందే తెలుసు. నాకు మసక తప్ప ఏమీ కనబడదు. వాళ్ళ ముచ్చట చెడగొట్టలేక, ఆఁ, బాగుంది బాగుంది అనాలి. ఆ అబద్ధం ఆడటానికి అంత దూరం ఎందుకనుకున్నాను." కప్పు కింద పెట్టింది. "నువ్వు చూడలేదంటున్నావు. అయితే నీకూ తెలియదు, నాకూ తెలియదు. నువ్వు మొదటిసారి చూస్తూ, చూస్తున్నప్పుడే నాకు చెప్పు. కనబడింది కనబడినట్టు. రుచి సంగతి నేను చూసుకుంటాను."

మేడమ్ అప్పటికే ఫోనులో భర్తకు చేస్తోంది. బాబా ఆఫీసు నుంచి తల్లితో మాట్లాడాలన్నాడు. "అమ్మా, గంగు అంత గొప్పగా చెప్పిందా?" అని ఆయన అడగడం ఫోను బయటికే వినిపించింది.

"ఏమీ చెప్పలేదు," అంది తల్లి. "టిక్కెట్టు తియ్యి. కిటికీ పక్కన గంగు, ఆ పక్కన నేను."

ఆ సాయంత్రమే మామా కబీర్ కారు తీయించింది. అంత దూరం వెళ్ళి అక్కడ తడబడితే లాభం లేదు, ఇక్కడే అలవాటు చేసుకోవాలంది. మౌలాలి కార్నిష్ రోడ్డు మీదికి, సముద్రం పక్కకు తీసుకొచ్చి నెమ్మదిగా నడిపాడు. ఎండ తగ్గినా గాలి వేడిగానే ఉంది. అయినా ఆవిడ కిటికీ అద్దం దింపించింది.

"చెప్పు."

"సముద్రం. నీలం. అటు పెద్ద పెద్ద మేడలు. ఇటు కర్ర పడవలు."

"అది నాకు తెలుసు. నేను పుట్టకముందు నుంచీ అక్కడే ఉంది సముద్రం. ఇప్పుడు ఏం చేస్తోంది?"

ఏం చేస్తోంది? గంగులమ్మ తల బయటికి పెట్టి చూసింది. ఇన్నేళ్ళుగా ఎన్నిసార్లు వచ్చిందో ఈ దారిలో, పిల్లలు కారులోంచి దూకకుండా పట్టుకుని. పొద్దు మేడల వెనక్కి దిగుతోంది. మేడలకూ మేడలకూ మధ్య సందుల్లోంచి వెలుతురు పలకలు పలకలుగా వచ్చి నీళ్ళ మీద పడుతోంది. పడిన చోటల్లా నీళ్ళు మెరుస్తున్నాయి, నీడ ఉన్న చోట నల్లగా ఊగుతున్నాయి. ఒక కర్ర పడవ నీడలోంచి వెలుతురులోకి వచ్చింది. వచ్చీరాగానే దాని ఒళ్ళంతా బంగారమైంది. దీనికి అరబ్బీలో ఏమంటారో ఆమెకు తెలియదు.

"నీళ్ళు..." అని వెతుక్కుంది. "నీళ్ళు తళతళ, మామా. తళతళ, తళతళ. పడవ నల్ల, నల్ల... హా, ఇప్పుడు ధగధగ!"

మామా కబీర్ మొహం కిటికీ వైపు తిప్పింది. "తల్తల్," అని మెల్లగా అనుకుంది. "బాగుంది ఈ మాట. ఇంకా?"

"గట్టు దగ్గర చిన్న అల. గలగల. రాయిని కొట్టు, పో, మళ్ళీ రా. రాయి మీద పిల్లి. పిల్లి చేపను చూడు. చేప పిల్లిని చూడు మాఫీ."

ముందు సీట్లోంచి మౌలాలి తల తిప్పకుండానే అన్నాడు. "అక్కా, కొంచెం మెల్లగా చెప్పు. రోజూ పోయే దావే ఇది, నాకూ ఇప్పుడే కనపడ్తాండాది."

"ఏమంటున్నాడు?" అని అడిగింది మామా కబీర్.

"మెల్లగా అంటున్నాడు, మామా."

"సరే, మెల్లగానే చెప్పు. తొందరేముంది? ఆ పిల్లి ఇంకా అక్కడే ఉందా?"

గంగులమ్మ మళ్ళీ చూసింది.